కొండ కింద తోట.. అమ్మబడును!

కనపడే బెట్టకు ధర కడుతున్నారు. బావికి, బాటకు, ఆడబిడ్డ సంతకానికి లెక్క చూడకుండానే అడ్వాన్సులు చేతులు మారుతున్నాయి

నంది బెట్టకు పోయే దారి పట్టుకుంటే చాలు, బోర్డులు కనపడతాయి. 'కొండకు ఎదురుగా నాలుగెకరాల తోట. బావి, బోరు, కరెంటు, మామిడి చెట్లు, పశువుల కొట్టంతో సహా అమ్మబడును' అన్నది వాటి సారాంశం. ఆదివారం తెల్లవారుజామున మంచు చూడటానికి బెంగళూరు నుంచి వచ్చే కార్లు తిరిగిపోయేటప్పుడు ఈ బోర్డుల దగ్గర కాసేపు ఆగుతాయి. 'ఎకరం ఎంత?' అన్నది మొదటి ప్రశ్న. 'కొండ బాగా కనపడుతుందా?' అన్నది రెండోది. 'నీళ్లుండాయా?' అని అడిగేవాళ్లు తక్కువ. కొండ కింద పుట్టి పెరిగినోళ్లకు మాత్రం అదే మొదటి ప్రశ్న.

అమ్మేవాళ్లలో తరతరాలుగా తెలుగు మాట్లాడే కుటుంబాలున్నాయి. కొనేవాళ్లలో ఆంధ్ర, తెలంగాణల నుంచి వచ్చి బెంగళూరులో స్థిరపడిన తెలుగువాళ్లూ ఉన్నారు. బేరం తెలుగులోనే సాగిపోతుంది. కాగితం మాత్రం కన్నడంలో ఉంటుంది, చట్టం కర్ణాటకది. మాట కలిసింది కదా అని కాగితం చదవకుండా సంతకం పెడితే ఇద్దరూ ఇరుక్కుంటారు. అమ్మినోడికి భూమి పోతుంది, కొన్నోడికి చేతికి రాదు.

ఏర్లు పుట్టిన నేల

నంది బెట్ట ఎత్తు 1,478 మీటర్లు. బెంగళూరుకు సుమారు 60 కిలోమీటర్ల దూరం. నందిగిరి, స్కందగిరి, బ్రహ్మగిరి, చన్నగిరి, దివ్యగిరి.. ఈ ఐదింటినీ కలిపి పంచగిరులంటారు. కింద నంది గ్రామంలో వెయ్యేళ్లు దాటిన భోగనందీశ్వరుడి గుడి. 1986 నవంబరులో బెంగళూరులో సార్క్ సమావేశాలు జరిగినప్పుడు దేశాధినేతలను విడిదికి తీసుకొచ్చింది కూడా ఈ కొండమీదికే.

చూసేవాళ్లకు ఇది చల్లని కొండ. రైతులకు మాత్రం నీళ్లు పుట్టే చోటు. పెన్న, పాలారు, చిత్రావతి, పాపఘ్ని, దక్షిణ పినాకిని, అర్కావతి.. అన్నీ ఈ కొండల్లో, వీటి చుట్టుపక్కల పుట్టినవే. పెన్న గౌరిబిదనూరు మీదుగా హిందూపురం వైపు సాగి చివరికి నెల్లూరు దాటి సముద్రంలో కలుస్తుంది. చిత్రావతి బాగేపల్లి మీదుగా పుట్టపర్తికి పోతుంది. పాలారు కోలారు జిల్లా దాటి, కుప్పం ప్రాంతం మీదుగా తమిళనాడులో అడుగుపెడుతుంది. ఏడాది పొడవునా పారే ఏరు వీటిలో ఇక్కడ ఒక్కటీ లేదు. వాన పడితే కొండమీంచి వంకలోకి, వంకలోంచి చెరువులోకి, ఒక చెరువు నిండితే మరవ పారి కింద చెరువులోకి.. అదీ ఈ నేల లెక్క.

2007లో కోలారు నుంచి విడిపోయి చిక్కబళ్లాపురం ప్రత్యేక జిల్లా అయింది. బాగేపల్లి, గుడిబండ, చింతామణి, గౌరిబిదనూరు ప్రాంతాల్లో ఎన్నో ఇళ్లలో ఇంటి భాష తెలుగు, బడి భాష కన్నడం. కైవారం తాతయ్య రెండు భాషల్లోనూ తత్వాలు చెప్పింది ఈ జిల్లాలోనే. మోక్షగుండం విశ్వేశ్వరయ్య పుట్టిన ముద్దేనహళ్లి నంది బెట్ట కిందనే ఉంది. ఇంటిపేరు మోసిన మోక్షగుండం గిద్దలూరు ప్రాంతంలోది. ఇంటిపేరు ఆంధ్రది, ఊరు కర్ణాటకది. ఈ పక్క అట్లాంటి కుటుంబాలు కొల్లలు.

నంది కొండల చుట్టూ పండే బెంగళూరు బ్లూ ద్రాక్షకు భౌగోళిక గుర్తింపు ఉంది. మల్బరీ సాగు, పట్టుపురుగుల పెంపకం ఇంటింటి పని. గూళ్లు అమ్మాలంటే శిడ్లఘట్ట మార్కెట్టు. చామంతి, రోజా పూలు తెల్లారేసరికి బెంగళూరుకు చేరతాయి. ఇంత పండే నేలను ఎందుకమ్ముకుంటున్నారు?

ఒక ఇంటి లెక్క

ఒక కుటుంబాన్ని అనుకుందాం. కొండ కింద నాలుగెకరాలు. తాత తవ్వించిన రాతికట్టు బావి. ఆ బావికి కపిల కట్టి నీళ్లు తోడిన రోజులు ఇంట్లో పెద్దాయనకు ఇంకా గుర్తే. తర్వాత మోటారొచ్చింది. ఆ తర్వాత బోరొచ్చింది. బోరొచ్చాక బావి ఎండింది. ఒక బోరు పోతే ఇంకో బోరు. వెయ్యి అడుగులు దాటించిన బోర్లు ఈ జిల్లాలో వింతేమీ కాదు. కేంద్ర భూగర్భజల మండలి లెక్కల్లో 'మోతాదు మించి తోడేసిన' ప్రాంతాల జాబితాలో ఈ తాలూకాలు ఏళ్ల తరబడి ఉన్నాయి.

పెద్ద కొడుక్కి బెంగళూరులో ఉద్యోగం. చిన్నోడు ఇంటి దగ్గరే మల్బరీ, రెండు సీమ ఆవులు చూసుకుంటున్నాడు. కూతుర్ని హిందూపురంలో ఇచ్చారు. సొసైటీలో కొంత అప్పు, బోరు వేయించినోడికి కొంత బాకీ. అట్లాంటి ఇంటికి ఒక సాయంత్రం మధ్యవర్తి వస్తాడు. కాఫీ తాగుతాడు. "ఏమి సామీ, ఈ రాళ్ల నేలను పట్టుకుని ఎన్నాళ్లు కష్టపడతారు?" అంటాడు. ఒక అంకె చెప్తాడు. ఆ రాత్రి ఆ ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టదు.

ఈ కుటుంబం కల్పితమే. కాని కొండ కింద ఏ ఊళ్లో చెప్పినా 'ఇది మా ఇంటి కథే' అనేవాళ్లు దొరుకుతారు. పెద్దోడికి అమ్మాలనుంటుంది. చిన్నోడికి ఇష్టముండదు. పెద్దాయన ఎటూ చెప్పడు. కూతురిని ఎవరూ అడగరు. చిక్కులన్నీ అక్కడి నుంచే మొదలవుతాయి.

చట్టం మారింది.. బేరగాడు మారాడు

ఒకప్పుడు ఇక్కడ వ్యవసాయ భూమిని ఎవరంటే వాళ్లు కొనడానికి లేదు. 1961 కర్ణాటక భూసంస్కరణల చట్టంలో 1974లో చేర్చిన 79ఎ, 79బి సెక్షన్లు అడ్డుండేవి. వ్యవసాయం కాని ఆదాయం ఒక హద్దు దాటినవాళ్లు కొనకూడదు. సొంతంగా సాగు చేయని వాళ్లూ, కంపెనీలూ కొనకూడదు. ఆ ఆదాయ హద్దును 2015లో 2 లక్షల రూపాయల నుంచి 25 లక్షలకు పెంచారు. 2020లో చట్టాన్ని సవరించి ఆ సెక్షన్లనే తీసేశారు.

దానికి ముందే 2008లో దేవనహళ్లి దగ్గర విమానాశ్రయం మొదలై కొండ కింద భూములకు రెక్కలొచ్చాయి. 2020 తర్వాత తలుపులు బార్లా తెరుచుకున్నాయి. అప్పటిదాకా ఊరి రైతు భూమికి పక్క పొలం రైతే బేరగాడు. ఇప్పుడు బెంగళూరంతా బేరగాడే. అమ్మే రైతుకు ఇది మేలే. పక్కోడు ఇవ్వలేని ధర పట్నపోడు ఇస్తాడు. అయితే ఇందులో ఇంకో సంగతుంది. ఒకసారి అమ్ముకున్న రైతు అదే ఊళ్లో, అదే డబ్బుతో, అంతే భూమి మళ్లీ కొనడం కష్టం. వ్యవసాయం మీద వచ్చే రాబడితో కొండ కింద ఎకరం కొనగలిగే రోజులు పోయాయి. చిన్నోడి బెంగ అదే.

పోనీ కౌలుకిచ్చి భూమి నిలుపుకుందామా అంటే కర్ణాటక చట్టం వ్యవసాయ భూమి కౌలును 1974 సవరణ తర్వాత చాలావరకు నిషేధించింది. ఊళ్లో నోటిమాట మీద గుత్తకిచ్చేవి ఉన్నాయి గాని, రేపు తగాదా వస్తే దానికి బలం ఉండదు.

ఆర్‌టీసీ అంటే బస్సు కాదు

సరిహద్దు అవతల నుంచి వచ్చినవాళ్లు మొదట తడబడేది మాటల దగ్గరే. ఆంధ్రలో అడంగల్, 1బి అంటారు. ఇక్కడ పహణి. దాన్నే ఆర్‌టీసీ అంటారు. ఆంధ్రలో సెంట్లు, ఇక్కడ గుంటలు. ఎకరానికి 100 సెంట్లు, 40 గుంటలు. అంటే గుంటకు రెండున్నర సెంట్లు, 121 చదరపు గజాలు, 1,089 చదరపు అడుగులు. ఇక్కడ 'పోడి' అంటే అడవి నరికి చేసే పోడు వ్యవసాయం కాదు, సర్వే నంబరును కొలిచి విడగొట్టడం. పోడి కాని భూమంటే కాగితంలో వాటా ఉన్నా నేలమీద ఎవరిది ఎక్కడో తేలనిదని అర్థం. సర్వే నంబరులో కొంత భాగం అమ్మాలంటే ముందుగా 11ఇ స్కెచ్ తీయించాలి.

పహణిలో చూడాల్సిన కాలమ్‌లు ముఖ్యంగా మూడు. 9వ కాలమ్‌లో యజమాని పేరు, 11లో అప్పులు, ఇతర హక్కులు, 12లో సాగుచేసే వారి వివరాలు. చాలామంది 9 చూసి ఊరుకుంటారు. సొసైటీ అప్పు, బ్యాంకు అప్పు, కోర్టు ఉత్తర్వు వంటివి నమోదైతే కనపడేది 11లో. 'భూమి' పథకం వచ్చాక పహణిలు కంప్యూటరులోకి ఎక్కాయి, తీసుకోవడం సులువైంది. కాని తాత పేరు మీదనే ఉండిపోయిన పహణిలకు లెక్కలేదు. తాత పోయి, తండ్రి పోయి, మనవడు అమ్మకానికి పెట్టినప్పుడు మ్యుటేషన్ గుర్తుకొస్తుంది.

ఈసీ కూడా అంతే. లావాదేవీలు ఉంటే ఫారం 15, ఏమీ లేకుంటే ఫారం 16 వస్తుంది. ఫారం 16 వచ్చింది కదా అని గుండె మీద చెయ్యేసుకుని నిద్రపోవడానికి లేదు. రిజిస్టరు కాని అగ్రిమెంట్లు, నోటిమాట పంపకాలు ఈసీలో రావు. ఇక జనరల్ పవరాఫ్ అటార్నీ మీద కొనడం సంగతి. దాంతో యాజమాన్యం రాదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చి చెప్పింది. అయినా 'అందరూ ఇట్లే చేస్తారు సామీ' అనే మాట ఇంకా వినపడుతూనే ఉంది.

హిందూపురం సంతకం

ఊహించిన కుటుంబంలో కూతురిని ఎవరూ అడగలేదు కదా. అడగాల్సింది ముందు ఆమెనే.

పిత్రార్జితంలో ఆడపిల్లకు కొడుకుతో సమానంగా హక్కునిస్తూ ఆంధ్రప్రదేశ్ 1986లో చట్టం చేసింది. కర్ణాటక చట్టం 1994 జూలై 30 నుంచి అమల్లోకొచ్చింది. అయితే అప్పటికే పెళ్లయిన ఆడపిల్లలకు అది వర్తించలేదు. 2005లో పార్లమెంటు హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి దేశమంతటా కూతుళ్లకు పుట్టుకతోనే సమాన హక్కు ఇచ్చింది. 2005 నాటికి తండ్రి బతికున్నాడా లేదా అన్నదానితో పని లేదని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పింది. 2004 డిసెంబరు 20కి ముందే పద్ధతి ప్రకారం జరిగిపోయిన పంపకాలను మాత్రం ఇది కదిలించదు. తండ్రి సొంతంగా కొన్న భూమి లెక్క వేరు.

ఈ పక్క సంబంధాలు హిందూపురం, మదనపల్లె, పుంగనూరు, కుప్పం అంతా అల్లుకుని ఉంటాయి. 'ఆమెకు పెళ్లిలో బంగారం పెట్టాం, ఇంకేం వాటా?' అన్నది పాత మాట. పసుపు కుంకుమల కింద అరెకరం ఇస్తామని పెళ్లిపందిట్లో పెద్దలు చెప్పిన మాటలు కాగితం మీదికి రానివే ఎక్కువ. ఆమె సంతకం లేకుండా అమ్మేస్తే, పదేళ్ల తర్వాత ఆమె గాని, ఆమె పిల్లలు గాని కోర్టుకు పోవచ్చు. అప్పటికి ఆ నేలమీద ఇల్లు కట్టుకున్నోడి గతి ఏమిటి? అన్నదమ్ముల ఇంటికి ఆమె రాకపోకల గతి ఏమిటి?

అందుకే తెలివైన కొనుగోలుదారు అందరినీ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు రమ్మంటాడు. ఆడపడుచు వద్దనుకుంటే హక్కు విడుదల పత్రం రాయించుకుంటాడు. ఆ పత్రం మీద సంతకం పెట్టించే ముందు అందులో ఏముందో ఆమెకు తెలుగులో చదివి చెప్పడం కనీస మర్యాద. కన్నడం చదవడం రాని ఆడబిడ్డకు 'ఊరికే సాక్షి సంతకం అక్కా' అని చెప్పి పెట్టించేది మర్యాదా కాదు, క్షేమమూ కాదు.

అమ్మకూడని భూములు

కొండ కింద భూములకు ఇంకో చిక్కుంది. కొండవార ఉన్నవన్నీ పట్టా భూములు కావు.

ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు ప్రభుత్వం ఇచ్చిన భూమిని ప్రభుత్వ అనుమతి లేకుండా అమ్మితే ఆ అమ్మకం చెల్లదని 1978 నాటి చట్టం చెబుతుంది. కర్ణాటకలో దాన్ని పీటీసీఎల్ చట్టం అంటారు. భూమి వెనక్కి ఇప్పించమని దరఖాస్తు పెట్టడానికి కాలపరిమితి లేదని 2023లో సవరణ తెచ్చారు. ఎప్పుడో 30 ఏళ్ల కిందట చేతులు మారిందన్న ధీమా చాలదు. భూమి మొదట ఎవరికి, ఎట్లా వచ్చిందో సాగువళి చీటీ దాకా పోయి చూడాలి.

పశువుల మేతకు వదిలిన గోమాళం, చెరువు, కాలువ, బాట కిందకొచ్చే ఖరాబు.. ఇవి పహణిలో పక్కనే రాసి ఉంటాయి. ఐదెకరాలు చూపించి అమ్మిన దాంట్లో అరెకరం ఖరాబు ఉంటే ధర కట్టాల్సింది నాలుగున్నరకే. అడవి హద్దు సంగతి మరీ జాగ్రత్త. కంచె వేసిన చోటే హద్దు అనుకోవడానికి లేదు. సర్వే చేయించి, అటవీ శాఖ దగ్గర అడిగి తెలుసుకోవాలి. కొండ ఎంత దగ్గరగా కనపడితే ఈ అనుమానం అంత ఎక్కువగా పెట్టుకోవాలి.

చుట్టుపక్కల రాతి క్వారీలేమైనా ఉన్నాయా అన్నదీ చూడాలి. 2021 ఫిబ్రవరిలో ఇదే జిల్లా హిరేనాగవల్లి దగ్గర జిలెటిన్ పేలి ఆరుగురు చనిపోయారు. పగలు కొండ చూసి మురిసిపోయినవాళ్లు, పేలుళ్లకు కిటికీలు అదిరినప్పుడు గాని ఆ సంగతి తెలుసుకోరు.

నీళ్లు, బాట

బోరు ఉందంటే నీళ్లున్నట్టు కాదు. మార్చి, ఏప్రిల్ నెలల్లో పోయి మోటారు వేసి చూడాలి. ఎంతసేపు ఆగకుండా పోస్తుందో చూడాలి. పక్క తోటలో బోర్లు ఎన్ని, ఎంత లోతు అన్నది ఊళ్లో ఎవరినడిగినా చెప్తారు. కొత్త బోరు వేయాలంటే 2011 నాటి కర్ణాటక భూగర్భజల చట్టం కింద ప్రకటించిన ప్రాంతాల్లో అనుమతి తీసుకోవాలి. తోటలో నీలగిరి తోపు ఉంటే దాన్నీ లెక్కలో వేసుకోవాలి. ఈ జిల్లాల్లో భూమిలో తేమను పీల్చేస్తోందన్న ఫిర్యాదులతో కొత్తగా నీలగిరి నాటడాన్ని రాష్ట్ర ప్రభుత్వం 2017లో ఆపేసింది.

'ఎత్తినహొళె నీళ్లొస్తాయి, ధర రెండింతలవుతుంది' అనేది మధ్యవర్తుల మాట. ఆ పథకం మొదటి దశను 2024 సెప్టెంబరులో ప్రారంభించిన మాట నిజమే. హెబ్బాళ-నాగవార పథకం కింద బెంగళూరులో శుద్ధిచేసిన నీరు చెరువుల్లోకి వచ్చిన మాటా నిజమే. చెరువు నిండితే చుట్టుపక్కల బోర్లకు కొంత ఊరట. కాని ఏ చెరువుకు ఎంత వస్తుందన్నది బోర్డు మీద రాసుకునేది కాదు. రాబోయే నీటికి ఇవాళే డబ్బు కట్టడం తెలివైన పని అనిపించుకోదు.

వాన నీళ్ల దారి కూడా ఇంతే. వంకకు అడ్డంగా కట్టిన కాంపౌండ్ గోడ ఎండాకాలం అందంగానే ఉంటుంది. 2021 నవంబరు వానలకు ఈ ప్రాంతంలో ఏళ్ల తరబడి ఎండిన చెరువులు మరవ పారాయి. అప్పుడు నీళ్లు తమ పాత దారిని తామే వెతుక్కున్నాయి. కొండ కింద వంక పూడ్చినోడికి ఒక్కడికే కాదు, కింద చెరువు ఆయకట్టు మొత్తానికీ అది నష్టం.

ఇక బాట. తోటకు పోయే దారి ఊరి నక్షలో బండిబాటగా ఉందా, లేక పక్క రైతు మంచితనం మీద నడుస్తోందా? ఈ ఒక్క ప్రశ్న అడగకపోవడం వల్ల పోలీసు స్టేషన్ల దాకా పోయిన తగాదాలు ఊరికొకటైనా ఉంటాయి. అటువైపు నుంచి చూస్తే ఇంకో సంగతి. గొర్రెలు కొండకెక్కే దారి, పక్క రైతు బండి తోలుకునే దారి, గుడికి పోయే కాలిబాట.. ఇవన్నీ కొత్త యజమాని వేసే ముళ్లకంచెతో ఒక్క రోజులో మూతపడతాయి. 20 ఏళ్లపాటు అడ్డంకి లేకుండా నడిచిన బాట మీద హక్కు వస్తుందని 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం చెబుతుంది. అది కోర్టుకు పోయి నిరూపించుకోవాల్సిన హక్కు. అమ్మే రైతు తలచుకుంటే క్రయపత్రంలోనే 'ఈ బాట పక్కవాళ్లకు వదలాలి' అని ఒక్క వాక్యం రాయించవచ్చు. ఊరికి చేసిపోయే మేలు అది.

ఎకరాలు పోయి అడుగులు

కొండ కింద ఇప్పుడు అమ్మకాల తీరూ మారింది. ఒక తోట కొని, ముక్కలు చేసి, 'ఫామ్ ప్లాట్లు' పేరుతో చదరపు అడుగుల లెక్కన అమ్ముతున్నారు. 'మీరు నెలకోసారి రండి, చెట్లు మేం చూసుకుంటాం' అంటారు. పత్రాల్లో అది వ్యవసాయ భూమే. భూపరివర్తన జరగని నేలమీద లేఅవుటు వేసినట్టు రోడ్లు, స్తంభాలు వేసినంత మాత్రాన అది ఇళ్ల స్థలం అయిపోదు. రైతు తన భూమిలో పదోవంతుకు మించకుండా ఫామ్‌హౌస్ కట్టుకోవడానికి భూ రెవెన్యూ చట్టం ఒప్పుకుంటుంది. ఐదు గుంటల ముక్కలో అది అర గుంట. అంటే సుమారు 545 చదరపు అడుగులు. బొమ్మలో చూపించే బంగళా అందులో పట్టదు.

అమెరికాలో ఉన్న కొడుకు పేరు మీద కొందామనే తల్లిదండ్రులు ఒక మాట గుర్తుంచుకోవాలి. విదేశీ మారకద్రవ్య నిబంధనల ప్రకారం ఎన్నారైలు, ఓసీఐ కార్డులున్నవాళ్లు ఇండియాలో వ్యవసాయ భూమి గాని, ఫామ్‌హౌస్ గాని, తోట గాని కొనడానికి లేదు. వారసత్వంగా పొందవచ్చు. ఇళ్ల స్థలం, ఇల్లు కొనుక్కోవచ్చు.

మిగతా సరిహద్దుల్లోనూ కొండవార భూములకు ఎక్కడి షరతులు అక్కడున్నాయి. మహారాష్ట్రలో రైతు కానివారు వ్యవసాయ భూమి కొనాలంటే అనుమతి కావాలి. తమిళనాడులో కొండప్రాంత పరిరక్షణ జాబితాలో ఉన్న గ్రామాల్లో లేఅవుట్లకు, కట్టడాలకు ప్రత్యేక అనుమతులు కావాలి. ఒడిశాలో షెడ్యూల్డు ప్రాంతమైన రాయగడ వంటి చోట గిరిజనుల భూమి గిరిజనేతరులకు బదలాయించడాన్ని 1956 నాటి రెగ్యులేషన్ అడ్డుకుంటుంది. ఎక్కడి కొండకు అక్కడి చట్టం.

డబ్బు చేతికొచ్చాక

మధ్యవర్తులు చాలాచోట్ల అగ్రిమెంటును తమ పేరు మీదే రాయించుకుంటారు. కొంత అడ్వాన్సు ఇస్తారు. ఆరునెలల్లో ఇంకొకరికి ఎక్కువ ధర చూపి తేడా జేబులో వేసుకుంటారు. ఆ ఆరునెలలూ రైతు భూమి కట్టేసిన ఆవే. గడువు, మిగతా డబ్బు ఎప్పుడిస్తారు, ఇవ్వకపోతే ఏమవుతుంది.. ఈ మూడూ రాయని అగ్రిమెంటు మీద సంతకం పెట్టకూడదు. భూమి అమ్మకానికి 20 వేల రూపాయలు, అంతకు మించి నగదు రూపంలో తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు. 'సగం తెల్లది, సగం నల్లది' అన్న బేరంలో ఆ సగం ఎగ్గొట్టినా రైతు నోరు విప్పలేడు.

పన్ను విషయంలో పల్లె రైతుకు కొంత వెసులుబాటు ఉంది. మునిసిపాలిటీ హద్దు నుంచి, దాని జనాభాను బట్టి 2, 6, 8 కిలోమీటర్లకు అవతల ఉన్న వ్యవసాయ భూమి అమ్మకం మీద మూలధన లాభం పన్ను ఉండదు. అంతకు లోపల ఉంటే పన్ను పడవచ్చు. రెండేళ్లుగా సాగులో ఉన్న భూమి అమ్మి, రెండేళ్లలోగా వేరే వ్యవసాయ భూమి కొంటే మినహాయింపు అడగొచ్చు. అడ్వాన్సు తీసుకోక ముందే ఆడిటరుకు చూపించుకోవడం మేలు.

అసలు లెక్క వేరే ఉంది. వచ్చిన డబ్బు అప్పు తీర్చడానికి కొంత, ఇంటికి కొంత, కారుకు కొంత, పెళ్లికి కొంత పోతుంది. మిగిలిందెంత? దానిమీద నెలకొచ్చే వడ్డీ ఎంత? రెండు ఆవులు, ఎకరం మల్బరీ మీద వచ్చిన దానికన్నా అది ఎక్కువా, తక్కువా? ఈ లెక్క ఒక కాగితం మీద వేసి, ఇంట్లో అందరూ.. హిందూపురం నుంచి ఆడబిడ్డ కూడా.. కూర్చుని చూసుకుని అమ్మితే అది అమ్మకం. చూసుకోకుండా చేస్తే భూమిని పోగొట్టుకోవడమే.

నాలుగెకరాల్లో రెండు అమ్మి అప్పు తీర్చి, బావి ఉన్న రెండు నిలుపుకునే దారి కూడా ఉంటుంది. దానికి పోడి చేయించాలి, 11ఇ స్కెచ్ తీయించాలి, కొన్నాళ్లు ఆఫీసుల చుట్టూ తిరగాలి. మధ్యవర్తికి అంత ఓపిక ఉండదు. రైతుకు ఉండాలి.

కొనేవాళ్లకూ ఒక మాట. కొండ ఎక్కడికీ పోదు. ఈ ఆదివారం అడ్వాన్సు ఇవ్వకపోతే ఇంకొకరు ఎగరేసుకుపోతారని మధ్యవర్తి అంటే అననీ. పహణి చదివించుకుని, ఎండాకాలం బోరు చూసుకుని, ఆడబిడ్డల సంతకాలు అడిగి, వంకను, బాటను వదిలిపెట్టి కొన్న తోటలో నిశ్చింతగా కూర్చుని ఎన్ని తెల్లవార్లయినా మంచు చూడొచ్చు.

బోర్డు మీద నాలుగెకరాలని రాస్తారు. బావి అని రాస్తారు. ఆ బావి ఎవరు తవ్వించారో రాయరు. దాని గట్టున ఆడుకున్న ఆడపిల్ల ఏ ఊళ్లో ఉందో రాయరు. అవి అడిగి తెలుసుకోవాల్సింది కొనేవాళ్లు. మర్చిపోకుండా చెప్పాల్సింది అమ్మేవాళ్లు.